చేతిపనిలో, ఇంటి ఆనవాయితీలో క్రైస్తవ విశ్వాసం

క్రైస్తవ మతచరిత్రలు ఎక్కువగా మహాసభల తీర్మానాల గురించి, చర్చిలో జరిగే ఆరాధన గురించి, పేరుమోసిన బోధకుల గురించి రాసినవి. ఆ మతాన్ని తరం నుంచి తరానికి అందించినవాళ్లలో చాలామంది మాత్రం ఏ తీర్మానమూ చదవనివాళ్లు. వంటింట్లో పిండి కలిపినవాళ్లు, సూదీ దారం పట్టినవాళ్లు, పండుగ ముందురోజు పిల్లల్ని కూర్చోబెట్టుకుని కాగితాలు కత్తిరించినవాళ్లు. వాళ్ల విశ్వాసం గురించి రాయబోయే పరిశోధకులకు మొదట కనబడేది వస్తువే: సిలువ గుర్తున్న రొట్టె, రంగులద్దిన గుడ్డు, గడ్డితో అల్లిన సిలువ, వెదురుపుల్లల నక్షత్రం. ఫొటోలు తీసి, సంగ్రహాలయాల్లో పెట్టి, ఇదే జానపద క్రైస్తవం అని రాయడం పరిపాటి. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. వస్తువును ఎంత పరీక్షించినా అందులో విశ్వాసం ఉన్నదీ లేనిదీ తేలదు. దాన్ని ఏ రోజు చేయాలి, ఎవరు చేయాలి, ముందు ఎవరికి పెట్టాలి, ఎప్పుడు చేయకూడదు అనే కట్టుబాటులోనే ఆ సంగతి తేలుతుంది. ఈ వ్యాసం పరిశీలించే దేశాలు వేరు, సంఘాలు వేరు. అయినా వాటి సాక్ష్యమంతా ఈ వైపే మొగ్గుతుంది. మొగ్గని చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ చూద్దాం.

బైబిలు చేతిపనిని చిన్నచూపు చూడదు. నిర్గమకాండములో ప్రత్యక్షగుడారం కట్టడానికి పిలుపు అందుకున్న బెసలేలు దేవుని ఆత్మతో నిండినవాడని చెప్పింది అతని పనితనం గురించే. నజరేతువాళ్లు యేసును వడ్లవాడిగా ఎరుగుదురు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. యొప్పేలో తబితా చనిపోతే విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పట్టుకుని ఏడ్చారు. అయినా కుటుంబ ఆచారాల విషయంలో వీటన్నిటికంటే ముఖ్యమైనది పస్కా విధి. గొర్రెపిల్లను ఎప్పుడు తీసుకోవాలి, ఎలా తినాలి, ఏమి మిగల్చకూడదు అన్నది చెప్పిన తర్వాత, రేపు పిల్లలు ఈ ఆచారం ఏమిటని అడిగితే ఏం చెప్పాలో కూడా ఆ విధిలోనే ఉంది. అంటే ఆచారం ముందు, వివరణ తర్వాత. పిల్లవాడికి ప్రశ్న పుట్టేలా పని చేయడమే అక్కడ బోధ.

కేరళలోని తోమా క్రైస్తవులు పాటించే పెసహా ఈ పస్కా నుంచి నేరుగా వచ్చిన వారసత్వమని వాళ్ల కుటుంబాల నమ్మకం. చరిత్రకారులందరూ దానికి ఒప్పుకోరు. ఆ తగవు అలా ఉంచి, జరిగేదేమిటో చూద్దాం. ఈస్టరుకు ముందు గురువారం సాయంత్రం, యేసు శిష్యులతో కడసారి భోజనం చేసిన రాత్రికి జ్ఞాపకంగా, ఇంట్లో బియ్యప్పిండి, మినప్పిండి కలిపి ఆవిరి మీద రొట్టె ఉడికిస్తారు. దినుసులు చూస్తే మన ఇడ్లీ దినుసులే. పిండిని పులియనివ్వకపోవడమే తేడా. అంతకు నాలుగు రోజుల ముందు, మట్టలాదివారంనాడు చర్చిలో ఆశీర్వదించి ఇచ్చిన లేత కొబ్బరాకును సిలువగా చేసి రొట్టె మీద ఉంచుతారు. కొబ్బరిపాలలో బెల్లం కరిగించి పెసహా పాలు కాస్తారు. రాత్రి ప్రార్థన చదివాక ఇంటి పెద్ద రొట్టె కోసి, వయసులో పెద్దవాళ్ల నుంచి చిన్నవాళ్ల దాకా వరసగా పంచుతాడు. ఆ యేడు ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయి ఉంటే అక్కడ రొట్టె చేయరు, బంధువులో ఇరుగుపొరుగువారో తెచ్చిపెడతారు. సిలువ పెట్టిన రొట్టెను క్రైస్తవేతరులకు ఇవ్వకపోవడం పాత పద్ధతి. వాళ్లకు పంచడానికి సిలువ లేని రొట్టెలు వేరుగా చేస్తారు.

ఈ వివరాల్లో రొట్టె రుచి గురించి ఒక్క మాటా లేదు, అయినా విషయం మొత్తం వచ్చేసింది. అదే పిండితో, అదే ఆవిరి మీద, మరో రోజు చేస్తే అది పలహారం. గురువారం రాత్రి ఆ వరసలో పంచితేనే పెసహా. సిలువ పెట్టిన రొట్టె, పెట్టని రొట్టె ఒకే పాత్రలో ఉడికినా వాటిని వేరుచేసేది కట్టుబాటే. ఈ ఆచారం మన్నిక ఎంతటిదో చరిత్రలో కనిపిస్తుంది. 1599లో పోర్చుగీసు ఆర్చిబిషప్ మెనెజెస్ ఉదయంపేరూరులో సభ జరిపి, ఆ సంఘపు పాత ఆచారాలెన్నిటినో తప్పుపట్టి, సిరియాక్ గ్రంథాలను తగలబెట్టించాడు. 1653లో కూనన్ సిలువ ప్రమాణంతో సంఘం చీలింది, తర్వాత ఇంకా చీలింది. చర్చిలో ప్రార్థనా క్రమాలు మారాయి, బిషప్పులు మారారు, ఆస్తుల మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. ఇన్ని చీలికల తర్వాత కూడా కతోలికుల ఇళ్లలోనూ, ఆర్థడాక్స్, యాకోబాయ శాఖల వారి ఇళ్లలోనూ గురువారం రాత్రి ఆ రొట్టెనే విరుస్తున్నారు. బిషప్పుల మధ్య లేని ఐక్యత వంటిళ్ల మధ్య నిలిచింది. ఆచారానికి గురువు అవసరం లేకపోవడమే దీనికి ప్రధాన కారణమని చెప్పవచ్చు. చర్చిలో క్రమాన్ని పైనుంచి ఆజ్ఞతో మార్చవచ్చు, పొయ్యి మీద గిన్నెను మార్చడం అంత తేలిక కాదు.

గురువులే లేకుండా పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు జపాను చరిత్ర జవాబు చెప్తుంది. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అక్కడ అడుగుపెట్టాడు. 1614లో షోగూను ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించింది. షిమబారా తిరుగుబాటు అణచివేత తర్వాత హింస మరింత పెరిగింది, 17వ శతాబ్దం మధ్యకు దేశంలో గురువన్నవాడు మిగల్లేదు. అక్కడి నుంచి రెండు వందల యేళ్లకు పైగా నాగసాకి చుట్టుపక్కల పల్లెల్లో, దీవుల్లో రహస్య క్రైస్తవులు మతాన్ని ఇళ్లలోనే దాచుకున్నారు. ఇకిత్సుకి దీవిలో పవిత్ర చిత్రాలను లోపలి గదిలో, సామాన్ల మధ్య దాచి పూజించారు. బౌద్ధుల కన్నన్ బొమ్మను మరియమ్మగా భావించి మొక్కారు. లాటిను, పోర్చుగీసు ప్రార్థనలు అర్థం పోయి శబ్దం మాత్రమే మిగిలినా, తండ్రి నుంచి కొడుకు కంఠస్థం చేశాడు. పల్లెకు ఒకరిద్దరు బాధ్యులు ఉండేవారు. బాప్తిస్మం ఇచ్చేది ఒకరు, పండుగల లెక్క చూసేది మరొకరు. బాస్టియన్ అనే బోధకుడి పేరుతో వచ్చిన పంచాంగాన్ని బట్టి ఏ రోజు ఉపవాసమో, ఏ రోజు సూది పట్టకూడదో ఆ రెండో వ్యక్తి చెప్పేవాడు.

1865 మార్చి 17న, నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన ఔరా చర్చికి ఉరకామి పల్లె నుంచి కొందరు వచ్చి, ఫ్రెంచి గురువు బెర్నార్డ్ పెటీజాను దగ్గర తాము క్రైస్తవులమని బయటపడ్డారు. తమకూ ఆయనకూ ఉన్నది ఒకే మనసని చెప్పారు, మరియమ్మ ప్రతిమ ఎక్కడుందని అడిగారు. ఆ సంభాషణలోనే, ఇప్పుడు తాము దుఃఖకాలంలో పదిహేడో రోజున ఉన్నామని కూడా చెప్పినట్లు పెటీజాను రాశాడు. ఆ యేడు ఈస్టరు ఏప్రిల్ 16న వచ్చింది, ఈస్టరుకు ముందరి శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం మార్చి 1న పడింది. లెక్క వేసి చూస్తే మార్చి 17 శ్రమల కాలంలో సరిగ్గా పదిహేడో రోజే. రోముతో ఏ సంబంధమూ లేకుండా, ముద్రిత పంచాంగం లేకుండా, దొరికితే మరణశిక్ష పడే రోజుల్లో ఆ పల్లెవాళ్లు తరాలపాటు ఆ లెక్క తప్పలేదు. వాళ్ల బొమ్మలు బౌద్ధుల బొమ్మల్లా మారాయి, ప్రార్థనల్లో మాటలు అర్థంకాకుండా పోయాయి. రోజు మాత్రం చెక్కుచెదరలేదు. విశ్వాసం వస్తువులో ఉంటుందా, కట్టుబాటులో ఉంటుందా అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన పరీక్ష చరిత్రలో దొరకడం కష్టం. క్రైస్తవాన్ని నిషేధిస్తూ పెట్టిన ప్రకటన పలకలను 1873లో తొలగించారు. ఆ ప్రాంతంలోని స్థలాలను యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దీనికి బలమైన ప్రతివాదం కూడా ఆ కథలోనే ఉంది. నిషేధం పోయాక వాళ్లలో కొందరు కతోలిక సంఘంలో చేరలేదు. తాతముత్తాతలు నేర్పిన పద్ధతిని వదలడం ఇష్టంలేక విడిగా ఉండిపోయారు. వాళ్ల దృష్టిలో ఆచారమే మతం, అది దేన్ని చూపిస్తుందన్నది రెండో మాట. ఇంటి ఆచారాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ ప్రమాదాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కట్టుబాటు విశ్వాసాన్ని మోయగలదు, అయితే ఒక్కోసారి దాని స్థానంలో తానే కూర్చోగలదు కూడా. అయినా ఒక మాట చెప్పాలి. సిద్ధాంతం పుస్తకాల్లో భద్రంగా ఉన్న దేశాల్లోనూ విశ్వాసం ఎండిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు. అర్థం మరిచిన ఆచారం, ఆచారం లేని అర్థం, రెండూ లోపాలే. మొదటిదానికి మాత్రం బాగుపడే అవకాశం ఎక్కువ. ఉరకామివాళ్లకు మళ్లీ బోధ అందినప్పుడు దాన్ని అందుకోవడానికి ఒక రోజు, ఒక ఉపవాసం, ఒక ప్రార్థన సిద్ధంగా ఉన్నాయి.

ప్రొటెస్టెంటు సంప్రదాయం వైపు నుంచి వచ్చే ఆక్షేపణ దీనికంటే పాతది. బొమ్మలు, రొట్టెలు, గడ్డి సిలువలు విగ్రహారాధనకు దారితీస్తాయని, విశ్వాసం వాక్యం వినడం వల్లనే కలుగుతుందని వాళ్ల వాదం. దీన్ని కొట్టిపారేయలేం, వస్తువుకు మహత్తు అంటగట్టడం అన్ని దేశాల్లోనూ జరిగింది. కానీ ప్రొటెస్టెంటు చరిత్రే ఇంటిని వదిలిపెట్టలేదు. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి, ఇంటి యజమాని తన కుటుంబానికి నేర్పడానికి ఉద్దేశించింది. హాంబుర్గులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన పాస్టరు యోహాన్ విషెర్న్, క్రిస్మస్ ఎన్నిరోజులుందని పిల్లలు పదేపదే అడుగుతుంటే 1839లో ఒక పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించాడు. ఇవాళ ప్రపంచమంతటా కనిపించే ఆగమనకాలపు దండకు మూలం అదే. మొరావియన్ సంఘంవారి కాగితపు నక్షత్రం జర్మనీలోని నీస్కీ బడిలో రేఖాగణిత పాఠంగా పుట్టింది. మన ఊళ్లలో డిసెంబరు రాగానే వెదురుపుల్లలు చీల్చి రంగుకాగితం అంటించి వసారాలో వేలాడదీసే నక్షత్రాన్ని చూసి ఎవరూ దానికి మొక్కరు. అది వెలిగిందంటే ఆ ఇంట్లో క్రిస్మస్ నెల మొదలైందని అర్థం, అంతే.

మిజోరం ప్రెస్బిటేరియన్ల ఆచారంలోనైతే బొమ్మ కూడా లేదు. అక్కడి స్త్రీలు అన్నం వండబోయే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం విడిగా తీసిపెడతారు, సంఘంవాళ్లు వాటిని పోగుచేసి అమ్మి సువార్త పనికి వాడతారు. 1910లో మొదలైన ఈ పద్ధతి ఒక పేద కొండప్రాంతపు సంఘం తన కాళ్లమీద తాను నిలబడడానికి పెద్ద ఆధారమైంది. తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉంది. దీనిలో కళ లేదు, సంగ్రహాలయంలో పెట్టడానికి ఏమీ మిగలదు. పొయ్యి వెలిగించే ముందు చేయి ఒక్క క్షణం ఆగడమే దీనిలోని మతం. వస్తువు మీద ప్రొటెస్టెంట్లు చేసే విమర్శ వస్తువును దాటి కట్టుబాటు దాకా రాదనడానికి కాల్విన్ శాఖకు చెందిన ఈ సంఘమే రుజువు.

మరో ఆక్షేపణ మూలాల గురించి. ఉక్రెయినులో మైనంతో గీతలు గీసి, రంగుల్లో ముంచి, మళ్లీ గీసి, చివరికి మైనం కరిగించి తయారుచేసే పిసంక గుడ్డు మీద సూర్యుడు, జింక, అలలు కనిపిస్తాయి. ఇవి 988లో కీవు రాజ్యం బాప్తిస్మం పుచ్చుకోక ముందునుంచి ఉన్న గుర్తులని పరిశోధకులు చెప్తారు. ఐర్లండులో ఫిబ్రవరి 1న వచ్చే పునీత బ్రిజిడ్ పండుగ ముందురాత్రి రెల్లుతో సిలువ అల్లి గుమ్మం మీద పెడతారు, ఆ పునీతురాలి పేరుతోనే అక్కడ ఒక పాత దేవత కూడా ఉంది. అందుచేత ఇవి పైన సిలువ పూసిన పాత మతాలే అని వాదం. మూలం ఎక్కడిదన్నది నిజమే కావచ్చు, అయితే వాడుక ఏమిటన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఉక్రెయిను ఇల్లాళ్లు ఆ గుడ్లను శ్రమల కాలంలో రాస్తారు, ఈస్టరు తెల్లవారుజామున రొట్టెతోపాటు బుట్టలో పెట్టి చర్చికి తీసుకెళ్లి ఆశీర్వాదం పొందుతారు. జింకకు క్రైస్తవం ఇచ్చింది కొత్త రూపం కాదు, కొత్త తేదీ. సోవియట్ కాలంలో ఈ పని అణగిపోతే, కెనడాకు వలసపోయిన కుటుంబాలు దాన్ని నిలబెట్టాయి. అదే గుడ్డు తేదీని పోగొట్టుకుంటే ఏమవుతుందో కూడా అక్కడే చూడవచ్చు. ఆల్బెర్టాలోని వెగ్రెవిల్ పట్టణంలో 1975లో లోహంతో కట్టిన భారీ పిసంక జాతి గౌరవానికి చిహ్నం, యాత్రికుల ఫొటోలకు నేపథ్యం. ఈస్టరుతో దానికి పని లేదు. అది తప్పు కాదు, కానీ దాన్ని విశ్వాసానికి సాక్ష్యంగా చూపించడం తప్పు.

ఇక్కడ మన నర్సాపురం లేసు గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ విషయంలో తెలుగు రచనల్లో తరచూ ఒక పొరపాటు కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతంలో పేద స్త్రీలకు, ముఖ్యంగా కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాల స్త్రీలకు, క్రోషియా సూదితో లేసు అల్లడం నేర్పారు. మిషను నేర్పింది కాబట్టి ఇది క్రైస్తవ కళ అనడం తేలిక. కానీ ఆ పూలలో, వాటి అతుకుల్లో మతం ఎక్కడా లేదు. ఏ పండుగకూ ఆ పని ముడిపడలేదు, ఏ రోజూ దానికి నిషేధం లేదు. కాలక్రమంలో క్రైస్తవేతర కుటుంబాల స్త్రీలు, ముఖ్యంగా గడపదాటి కూలికి వెళ్లకూడదన్న ఆంక్ష ఉన్న కాపు కుటుంబాల స్త్రీలు, పెద్దసంఖ్యలో ఈ పనిలోకి వచ్చారు. దారం ఇచ్చేదీ, అల్లిక పట్టుకెళ్లేదీ, ఎగుమతి చేసేదీ వ్యాపారులు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ వ్యవస్థను పరిశీలించి 1982లో పుస్తకం ప్రచురించింది. రోజుకు గంటల తరబడి ప్రపంచ మార్కెట్టు కోసం అల్లుతున్న స్త్రీలను అందరూ ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు’గానే లెక్కవేశారని, ఆ లెక్కే వాళ్ల కూలిని అంత తక్కువగా ఉంచిందని ఆమె తేల్చింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఇచ్చినవాళ్లు ప్రాంతాన్నీ పనితనాన్నీ చూశారు, మతాన్ని చూడలేదు. అదే సరైన చూపు.

అయితే మిషను పుట్టించిన ఈ చేతిపనిని విశ్వాసపు పట్టికలోంచి పూర్తిగా కొట్టేయాలా? ఒక్క కోణంలో అక్కర్లేదు. ఆరో శతాబ్దంలో బెనెడిక్టు తన మఠాలకు రాసిన నియమావళి, మఠంలోని పనిముట్లను బలిపీఠం మీది పాత్రలతో సమానంగా చూసుకోమంటుంది. పనితనం ఉన్న సన్యాసికి గర్వం వస్తే ఆ పని నుంచి తప్పించమంటుంది. మఠంలో చేసిన వస్తువుల ధరలో పేరాశ చొరబడకూడదని, బయట ధర కంటే కొంచెం తక్కువకే అమ్మాలని చెప్తుంది. అంటే చేతిపనిలో విశ్వాసాన్ని వెతికేవాళ్లు అడగాల్సిన ప్రశ్నల్లో ధర, లాభం, కూలి కూడా ఉన్నాయి. నర్సాపురంలో క్రైస్తవ సంస్థలు ఈ ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే లేసు చరిత్ర మరోలా ఉండేది. అమ్మకమే విశ్వాసానికి విరుద్ధమని మాత్రం అనలేం. బెత్లెహేములో ఒలీవకొమ్మలతో సిలువలు, పశువులతొట్టి బొమ్మలు చెక్కి యాత్రికులకు అమ్మే క్రైస్తవ కుటుంబాలకు ఆ బేరమే సొంత ఊళ్లో ఉండగలిగే ఆధారం. అమ్మకం ఆగిపోతే చెక్కేవాళ్లు వలసపోతారు, ఊళ్లో చర్చి మిగిలినా సంఘం పలచబడుతుంది.

ఇప్పటివరకు చెప్పినదంతా చేతిపనిని గౌరవించే వైపు నుంచి చెప్పింది. తెలుగు క్రైస్తవుల్లో అధికసంఖ్యాకులైన దళితుల వైపు నుంచి చూస్తే ఒక గట్టి ప్రశ్న ఎదురవుతుంది. తోలు శుద్ధి చేయడం, చచ్చిన పశువును మోయడం, ఊరి జాతరలో డప్పు కొట్టడం ఎవరు కోరుకుని నేర్చుకున్న కళ? కులం నెత్తిన రుద్దిన వెట్టి అది. అలాంటి చోట చేతిపనిలో దేవుణ్ణి చూడండి అనడం వెటకారంగా వినిపిస్తుంది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మాదిగలు గుంపులుగా బాప్తిస్మం పొందారు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది పొందారు. వాళ్ల నుంచి క్లౌ ఆశించిన నియమాలు చాలా కొద్ది: ఆదివారం పనిచేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. చూడండి, ఇవన్నీ వద్దులే. ఊరి పెద్దలకు కోపం తెప్పించింది కూడా కొత్త దేవుడి పేరు కంటే ఈ వద్దులే. ఆదివారం పనికి రాని మాదిగ, జాతరలో డప్పు పట్టనన్న మాదిగ ఊరి కట్టడినే ప్రశ్నించినట్టు. కాబట్టి ఇక్కడ విశ్వాసం చేతిపనిలో కాదు, ఆపేసిన చేతిపనిలో కనిపించింది. వస్తువుల జాబితా రాసుకునే పరిశోధకులకు ఇది ఎప్పటికీ దొరకదు. కట్టుబాటును చూసేవాళ్లకే దొరుకుతుంది. జపాను పల్లెల్లో పండుగనాడు ముట్టని సూదికీ, ఒంగోలు పల్లెల్లో ఆదివారం ముట్టని పనికీ మధ్య ఉన్న చుట్టరికం ఏ సంగ్రహాలయంలోనూ కనిపించదు.

ఈ చూపుతో ఇవాళ్టి తెలుగు క్రైస్తవ ఇంటిని చూస్తే చాలా సంగతులు స్పష్టపడతాయి. క్రిస్మస్‌కు వండే అరిసెలు, కజ్జికాయలు, జంతికలు సంక్రాంతికి పక్కింట్లో వండేవే, పాకం అదే, నూనె అదే. వాటిని చూసి ఇది క్రైస్తవుల వంట అని ఎవరూ చెప్పలేరు. డిసెంబరు 25న ఇరుగుపొరుగుకు పళ్లేలలో వెళ్లినప్పుడు మాత్రం అందుకున్నవాళ్లకు సందేహం ఉండదు. పెళ్లిలో మంగళసూత్రానికి సిలువ గుర్తు చేర్చి, ప్రార్థన చేసి కట్టడం చాలా సంఘాల్లో ఉంది, కొన్ని సంఘాలు ఉంగరాలతో సరిపెడతాయి. సూత్రం అన్యాచారమా కాదా అని పాస్టర్ల మధ్య ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. ఆ చర్చలో బంగారపు ఆకారం కంటే ఎవరి ఎదుట, ఏ ప్రమాణంతో కట్టారన్నది ముందు చూడాలి. కోత పండుగకు పొలం నుంచి తొలి పంట, పెరటి నుంచి గుమ్మడికాయ, కోడిపుంజు మందిరానికి చేరి వేలంలో అమ్ముడవుతాయి. మందిరం కోసం కొన్న గుమ్మడికాయకు సంత ధరకంటే ఎక్కువ పలకడం అక్కడ మామూలే. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో ఒక్కొక్కరూ తీసుకునే వాగ్దాన కార్డు యేడాదంతా గోడమీద ఉంటుంది. దీన్ని చీటీ తీసి జాతకం చూసుకోవడంతో పోల్చి వెక్కిరించేవాళ్లు ఉన్నారు. వాళ్ల అనుమానం పూర్తిగా నిరాధారం కాదు, తనకు నచ్చిన వాక్యం వచ్చేదాకా మళ్లీ తీసే ఇళ్లలో అది అదృష్ట పరీక్షే. వచ్చిన వాక్యాన్ని యేడాదంతా రాత్రి ప్రార్థనలో చదువుకునే ఇళ్లలో కాదు.

ఆ రాత్రి ప్రార్థనే తెలుగు క్రైస్తవ గృహాచారానికి వెన్నెముక అనాలి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివాళ్లు మన రాగాల్లో, మన తాళాల్లో రాసిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిగా ఇళ్లలోకి వచ్చాయి. చదువురాని అవ్వలు వాటిని కంఠస్థం చేశారు. పొలంలో కలుపు తీస్తూ, పిల్లల్ని జోకొడుతూ పాడారు. పాటకు వస్తువులా బరువు లేదు, దాచుకోవడానికి పెట్టె అక్కర్లేదు. అందుకే వలసపోయిన తెలుగు కుటుంబాలు అన్నిటికంటే తేలిగ్గా వెంట తీసుకెళ్లింది పాటనే.

చివరిగా ఒక లోపాన్ని దాచకుండా చెప్పాలి. దాదాపు ఈ ఆచారాలన్నిటిలో పని చేసేది స్త్రీ, పెద్దరికం పురుషుడిది. పెసహా పిండి రుబ్బేది ఆమె, రొట్టె కోసేది ఆయన. లేసు అల్లేది ఆమె, అమ్మేది ఆయన. పిడికెడు బియ్యం తీసేది ఆమె, ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో తేల్చే కమిటీలో చాలాచోట్ల ఆమెకు చోటు లేదు. కట్టుబాటులో విశ్వాసం ఉందని ఒప్పుకుంటే అన్యాయం కూడా అక్కడే ఉండగలదని ఒప్పుకోవాలి. పౌలు తిమోతికి రాస్తూ అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని చెప్పాడు, తండ్రి పేరు ఎత్తలేదు. ఆ వరస తెలుగు సంఘాలకు కొత్తేమీ కాదు. కానీ మన చర్చి దస్తావేజుల్లో బాప్తిస్మాలు ఉన్నాయి, పెళ్లిళ్లు ఉన్నాయి, సమాధులు ఉన్నాయి, ఆస్తులు ఉన్నాయి. ఇంట్లో ఏ పండుగకు ఏం చేసేవారు, ఎవరు చేసేవారు, ఎప్పుడు మానేసేవారు అన్నది ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ సంగతులు తెలిసిన పెద్దవాళ్లు మీ ఇంట్లోనో, మీ సంఘంలోనో ఇంకా ఉంటే, ఫొటోతో సరిపెట్టకుండా ఏ రోజు, ఎవరు, ఎవరికి, ఎప్పుడు కూడదు అని అడిగి రాసిపెట్టండి.